ఎఫ్ డ్రైవ్‌లో షహజాది

షహజాది సంచి సర్దుతోంది. రెండు పట్టుచీరల మధ్య మోడెం, అత్తరు సీసాల కింద పిస్తోలు, అన్నిటి మీదా బురఖా. విదేశీ ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది. నిజంగా ఆమె ఎవరి మనిషో ఖమ్మంలో ఇద్దరికే తెలుసు: చీఫ్ మహబూబ్ అలీకి, ఏజెంట్ మంగీలాల్‌కి.

"గోదారి బ్రిడ్జి మీద బస్సు పేలుస్తరు. ఏ బస్సో, ఏ సీటో తెలిసిన నిమిషం మీ ఎఫ్ డ్రైవ్‌ల పడేస్త. చూస్తవ్ గదా?"

"కన్ను మూయను," అన్నాడు మంగీలాల్.

"నువ్వా? కుర్చీ దొరికితే గురక పెడతవ్."

నవ్వుతూ జిప్పు లాగింది. బయట ఆటో ఆగింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

మూడో రోజు దసరా మర్నాడు. పాల్వంచలో విత్తనాల కంపెనీ బోర్డు చాటున నడిచే మంగీలాల్ వాళ్ళ ఆఫీసులో, ఉదయం తొమ్మిదింబావుకు, మూడు కంప్యూటర్లదీ ఒకటే మాట: సర్వర్ దొరకలేదు. సర్వర్‌లోని ఫైళ్ళు చూపించే ఎఫ్ డ్రైవ్ మాయం.

లోపలి గదిలో సర్వర్ మాత్రం భేషుగ్గా తిరుగుతోంది. తొమ్మిది పదికి ఫోన్ లైన్ మీద ఒక ఫైలు దిగింది కూడా. అయితే దాన్ని చదవాలంటే ఈ మూడింటిలో ఏదో ఒకటి ఎఫ్ డ్రైవ్ తెరవాల్సిందే.

"పాస్‌వర్డ్ మార్చేసింది. అటు అమ్ముడువోయింది షహజాది," అన్నాడు చీఫ్.

"గట్ల గాదు సార్. పాస్‌వర్డ్ అడిగేదాకనే పోతలేదు. లైన్‌ల ఏదో ఉంది," అన్నాడు మంగీలాల్.

"అయితే బస్సులన్నీ ఆపిద్దాం."

"ఆపితే వాడు ఆడ్నే మీట నొక్కుతడు."

మంగీలాల్ కంప్యూటర్లలోని నెట్‌వర్క్ కార్డులు ఊడదీశాడు, బిగించాడు. పేర్లు, పర్మిషన్లు అన్నీ చూశాడు. పది దాటింది. మోకాళ్ళ మీద బల్లల కిందికి దూరి, నల్ల కేబుల్ పట్టుకుని ఒక్కో కంప్యూటరే దాటుకుంటూ గోడ దాకా పాకాడు. కేబుల్ చివర మూసే చిన్న మూత, టెర్మినేటర్, పచ్చగా ఉంది. అది సరిగా లేకపోతే లైన్ మొత్తం చచ్చినట్టే.

"ఇదేంది బొజ్జయ్యా?"

"నిన్న ఆయుధపూజ గద సార్," అన్నాడు అటెండర్ బొజ్జయ్య. "పనిముట్లన్నీ కడిగి పసుపు రాసిన. అది ఊడొచ్చింది. లోపట గూడ ఇంత బొట్టు పెట్టి, మంచిగనే బిగించిన."

తిట్టడానికి కూడా వ్యవధి లేదు. మంగీలాల్ కొత్త మూత బిగించాడు. పది నలభైకి ఎఫ్ డ్రైవ్ తెరుచుకుంది.

"తొమ్మిది నలభై భద్రాచలం బస్సు. ఏడో సీటు, తెల్ల లాల్చీ. పక్క సీట్ల నేను. వీళ్ళకు నా మీద అనుమానం. సారపాక రాకముందే ఆపండి."

వైర్‌లెస్ అరిచింది. బ్రిడ్జి మొదట్లో శనగలమ్మే వేషంలో ఉన్న ఎస్సై బస్సెక్కి, "శనగలు, శనగలు" అంటూనే తెల్ల లాల్చీ చెయ్యి విరిచి పట్టాడు. మీటకీ వేలికీ మధ్య గోరంత ఎడం.

ఎనిమిదో సీటు ఖాళీ.

"సారపాకల బస్సు ఇరవై నిమిషాలు ఆగింది. ఇద్దరొచ్చి ఆమెను దింపుకపోయిండ్రు సార్," అన్నాడు కండక్టర్. "అన్నలమన్నరు. ఆమె గూడ సంచి తీస్కొని దిగింది. జీపు అడవి దిక్కు పోయింది."

అడవి నెల రోజులు గాలించారు. జీపు దొరికింది.

ఆలస్యానికి కారణమేమిటని ఢిల్లీ అడిగితే చీఫ్ రాసి పంపాడు: పసుపు, పావు చెంచా.

షహజాది తిరిగి రాలేదు. ఆమె సారపాకలో దిగింది 1996 దసరా మర్నాడు, ఉదయం పది ఇరవై ఐదుకు.