మెల్లగా వదలాల్సిన స్ప్రింగు

పొద్దున్నే టీ గ్లాసుతో ముందుగదిలోకి వచ్చిన ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. భర్త కంటికి భూతద్దం బిగించుకుని, సన్నటి ఆకురాయితో దేన్నో అరగదీస్తున్నాడు. అది వాచీ భాగం కాదు, నొప్పి మాత్ర.

వీధిలో అందరికీ ఆయన వాచీలాయన. ముప్పై ఏళ్లుగా ఆ ముందుగదే దుకాణం. నిరుడు నడుముకు ఆపరేషన్ అయ్యాక రాసిచ్చిన ఆ మాత్రలు నొప్పిని తీసుకుపోతూ మనిషిని కూడా తీసుకుపోయాయి. ఈల వేస్తూ పనిచేసే మనిషి, ఇప్పుడు పలకరిస్తే ఊఁ అనడమే గగనం. ఆమె చేతి వాచీ ఆగిపోయి ఎనిమిది నెలలైంది. "రేపు చూస్తాలే" అంటాడు. ఆ రేపు రాలేదు. అయినా ఆమె ఆగిన వాచీనే రోజూ పెట్టుకుంటుంది. ఎప్పుడో ఒకరోజు చెయ్యి పట్టుకుని, "ఏదీ, ఇలా తే" అంటాడని ఆశ. ఆశకేం, సిగ్గా శరమా!

మింగడం చాలక ఇప్పుడు పొడిచేసుకుంటున్నాడా? ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆయన స్నానానికి వెళ్లగానే సొరుగులోని మాత్రలన్నీ తీసి మరుగుదొడ్డిలో వేసి నీళ్లు వదిలేసింది. పీడ విరగడైందనుకుంది.

ఆ రోజంతా ఆయన సొరుగు పదిసార్లు తెరిచాడు, మూశాడు. అడగలేదు. ఆమె చెప్పలేదు. మర్నాటికి ఒకటే ఆవులింతలు, ముక్కు కారడం, కళ్ల వెంట నీళ్లు. జలుబు అనుకుని ఆవిరి పట్టించింది. ఆయన ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. కాళ్లు ఒకచోట నిలవడంలేదు.

మూడో రోజు పొద్దున ఆయన మంచం అంచున కూర్చుని, మణికట్టు పట్టుకుని, గోడ గడియారం చూస్తూ తన నాడి తనే లెక్కపెట్టుకుంటున్నాడు. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది.

"నూట ముప్పై" అన్నాడు. "మాత్రలు తీసింది నువ్వేనా?"

"నేనే. పారేశాను. పొడిచేసుకుని మరీ మింగుతుంటే చూస్తూ ఊరుకోమంటారా?"

"ఎక్కువ మింగడానికి కాదే, పిచ్చిదానా! తగ్గించుకోడానికి. మూడు వారాలుగా రోజూ కాస్త అరగదీసి, మిగిలింది దుకాణంలోని చిన్న తక్కెడలో తూచి వేసుకుంటున్నా."

ఆమె, "ఆ ముక్క నాకు చెబితే మీ సొమ్మేం పోయింది?" అంది.

"చెప్పి, చెయ్యలేకపోతే? నీకు మొహం ఎలా చూపించను?"

అంటూనే గుండె పట్టుకుని పక్కకు ఒరిగిపోయాడు. ఆమె కేకలకు పక్కింటాయన కారు తీశాడు.

ఆసుపత్రిలో పరీక్షలయ్యాక డాక్టరమ్మ ఇద్దరినీ కలిపే కోప్పడింది.

"గుండెలో అడ్డేమీ లేదు. కానీ ఇన్నాళ్లూ ఆ మాత్ర నరాలను అదిమిపెట్టి ఉంచింది. అవి దానికి ఎదురు తోస్తూ బిగుసుకున్నాయి. మందు ఒక్కసారి ఆగేసరికి అన్నీ కలిసి ఎగిసిపడ్డాయి. గుండె పరుగు, బీపీ, చెమటలు, వణుకు అన్నీ అందుకే. ఈ వయసులో ఇది ఆటలా? మీరేమో ఆకురాయి పట్టారు! కొన్ని మాత్రలు అరగదీస్తే మందంతా ఒకేసారి ఒంట్లోకి దిగుతుంది, తెలుసా?"

"చుట్టిన స్ప్రింగు" అంది ఆమె, తనలో తను అనుకుంటున్నట్టు.

ఆమె బొటనవేలి మీద పాత మచ్చ ఒకటుంది. పెళ్లయిన కొత్తలో, చుట్టి ఉన్న గోడ గడియారం స్ప్రింగును సరదాకు ఒక్కసారిగా వదిలేసింది. వేలు తెగింది. ఆయన ఆ వేలికి గుడ్డ కడుతూ, "బిగిసిన స్ప్రింగుని వేలితో ఆపుకుంటూ, కొంచెం కొంచెంగా వదలాలి" అని చెప్పాడు. ఆ పాఠం నేర్చుకున్న చేత్తోనే ఆయన్నీ ఒక్కసారిగా వదిలేసింది. ఆమెకు దుఃఖం ఆగలేదు.

"నన్ను క్షమించండి" అంది, ఆయన మంచం పట్టె మీద తల ఆనించి.

"నువ్వు పారేసింది మాత్రల్నే కదే. నేను నిన్నే పక్కన పడేశాను" అన్నాడాయన.

మాత్రలు మళ్లీ మొదలుపెట్టి, వారం వారం డాక్టరమ్మే తగ్గించేలా ఏర్పాటైంది. నాలుగో రోజు ఇంటికొచ్చాక ఆయన మాత్రల సీసా ఆమె చేతిలో పెట్టాడు.

"నీ దగ్గరే ఉంచు. నేను అడిగినా టైం కాకపోతే ఇవ్వకు. తిట్టుకుంటాను, పట్టించుకోకు."

"తిట్టండి. మాట్లాడితే చాలు."

ఆయన ఆమె మణికట్టు వైపు చూసి చెయ్యి చాపాడు. "ఏదీ, ఇలా తే."

ఆమె వాచీ పట్టీ పిన్ను తడుముతూనే, "ఇవాళొద్దులెండి, మీ చేతులు ఇంకా వణుకుతున్నాయి" అంది.

"విప్పకు. బాగుచెయ్యడానికి కాదులే" అన్నాడాయన, ఆ వణుకుతున్న చేత్తోనే ఆమె చెయ్యి పట్టుకుని.