సోములమ్మ చప్పిడి పత్యం

"ఆ వేరు ఈ సాయంత్రం అరకు దాటకూడదు," అంది టీ ఫ్లాస్కు.

ఫ్లాస్కు అడుగున వైర్‌లెస్ ఉంది. గొంతు చీఫ్ సర్వేశ్వరరావుది.

"దాటదు సర్," అన్నాడు ఏజెంట్ ఫణీంద్ర.

"దాటిందా, ఏడాదిలో దాని మీద విదేశీ పేటెంటు పడుతుంది. మన మందు మనమే వాళ్ల దగ్గర కొనుక్కోవాలి. అసలు దాని గుట్టు ముఠాకెలా చిక్కింది?"

ఫణీంద్ర ఫ్లాస్కు మూత బిగించేశాడు. చిక్కింది అతని వల్లే.

అది 1998. అరకులో ఒక ప్రైవేటు ల్యాబ్ ఉండేది. ఎలుకలకు మలేరియా ఎక్కించి, మన్యం మందులతో తగ్గుతుందేమో చూసేవారు. కొండ మీద సోములమ్మ ఇచ్చే వేరు ఎంతటి జ్వరాన్నయినా దించుతుందని ప్రతీతి. అది ఏ వేరో ఆమె ఎవరికీ చెప్పదు. విదేశీ ముఠా కంటే ముందే దాన్ని సంపాదించమని ఫణీంద్రకు ఆర్డర్. సాలూరు బట్టల వ్యాపారి వేషంలో కొండెక్కి, ఏడేళ్ల కూతురు జ్వరంతో చచ్చిపోతోందని భోరుమన్నాడు. అతనికి పెళ్లే కాలేదు.

సోములమ్మ నమ్మింది. అతని కళ్ల ముందే వేరు తవ్వింది. పులిసిన అంబలిలో ఎలా అరగదీయాలో చూపించింది. ఆమెకో నియమం ఉంది. మందు తీసుకున్న రోగి కోలుకుని ఎదుట నిలబడేదాకా తను ఉప్పు ముట్టదు. ఇప్పటికి ముప్పై రెండు రోజులు. లేని పిల్ల కోసం ముసలామె చప్పిడి కూడు తింటోంది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఫణీంద్రకు ముద్ద దిగడం లేదు. ఎన్నో వేషాలు వేశాడు గానీ ఇంత సిగ్గుపడ్డది ఇదే మొదలు.

వేరును ల్యాబ్‌లో డాక్టర్ మాధవికి ఇచ్చాడు. జార్జెట్ చీర, నల్ల కళ్లద్దాలు, మతి పోగొట్టే నవ్వు. ల్యాబ్‌లో నిఘా డిపార్ట్‌మెంటు పెట్టుకున్న లోపలి మనిషి ఆమే. వేరులో సగం ఎలుకల మీద పరీక్షించింది. మిగతా సగం ముఠాకు అమ్మేసింది. ఆమె పెన్నులో ఫణీంద్ర దాచిన మైకు ఈ ఉదయమే ఆ బేరం వినిపించింది: మంగళవారం, కిరండూల్ పాసింజరు, హెన్రిక్.

మంగళవారం అంటే ఇవాళే. నాలుగింటికి రైలు అరకు స్టేషన్లో ఆగింది. ముఠా మనిషి హెన్రిక్ బుట్ట పట్టుకుని పెట్టె ఎక్కబోతున్నాడు. పక్కన మాధవి. మఫ్టీ పోలీసులిద్దరితో ఫణీంద్ర అడ్డం నిలబడ్డాడు.

"అడవి పసుపు. పర్మిట్ ఉంది," అన్నాడు హెన్రిక్ తాపీగా.

బుట్టలో వందకు పైగా మట్టి అంటిన కొమ్ములు. అన్నీ ఒకే రంగు.

"వెతుక్కో ఫణీంద్రా. రైలు రెండే నిమిషాలు ఆగుతుంది," అంది మాధవి.

గార్డు ఈల వేశాడు. ఫణీంద్ర బుట్ట బోర్లించాడు. సంతలో కొన్న కొమ్ములన్నిటికీ పైన మొలక ఉంది. సోములమ్మ మాత్రం తవ్విన వేరు తల కోసి, ఆ మొలకను మళ్లీ గోతిలోనే పాతిపెట్టేది, మొక్క చావకూడదని. రైలు కదిలింది. తల లేని వేరు ఒకటి అతని చేతికి తగిలింది.

"దీనికి పర్మిట్ ఉందా?"

హెన్రిక్ తెల్లబోయాడు. మాధవి హ్యాండ్‌బ్యాగులో పరీక్షల ఫ్లాపీ కూడా దొరికింది.

మర్నాడు పొద్దున్నే ఫణీంద్ర కొండెక్కాడు. సోములమ్మ బాగా చిక్కిపోయింది.

"గుంటకి జొరం తగ్గినాదా బావూ? తీసుకు రానేదేటి?"

అతను నేల మీద కూలబడ్డాడు. "నాకు పిల్లల్లేరమ్మా. నీకు అబద్ధం చెప్పాను."

సోములమ్మ చేతిలోని చేట కింద పెట్టింది.

"మరి నా ఏరు ఎవులు తిన్నారు?"

"ల్యాబ్‌లో ఎలుకలు. జ్వరమొచ్చిన ఎలుకలు."

"తగ్గినాదా?"

"ఇరవైలో పందొమ్మిదింటికి తగ్గింది."

ఆమె బోసినోటితో పకపకా నవ్వింది. "ఎలకైతే ఏటి, పేనం కాదా? ఒకదాన్ని అట్టుకురా. సూసి ఉప్పు ముడతాను." ఉప్పు పిడత దగ్గరకు లాక్కుంది కూడా.

ఫ్లాపీలో ఉన్నది ఫణీంద్ర ముందు రాత్రే చదివాడు. కోలుకున్న పందొమ్మిది ఎలుకలనూ మర్నాడే చంపి, మెదళ్లు కోసి చూశారు. ఇంకో అబద్ధం నాలిక దాకా వచ్చింది. సంతలో ఒక ఎలుకను కొనడం ఎంతసేపు? కానీ ఆ ముఖం చూస్తూ ఆడలేకపోయాడు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

సోములమ్మ ఉప్పు పిడత మీద మూత పెట్టేసింది.

"ఎల్లు బావూ," అంది మెల్లగా.

వారం తర్వాత హెడ్‌క్వార్టర్స్‌లో చీఫ్ ఫైలు ముందుకు తోశాడు. 'మిషన్ సక్సెస్. ప్రాణనష్టం లేదు' అని ఉంది. కింద సంతకం చెయ్యమన్నాడు. ఫణీంద్ర తొమ్మిది మంది సంతకాలు అచ్చు గుద్దినట్టు పెట్టగలడు. సొంత సంతకానికే ఆ రోజు చెయ్యి రాలేదు.