ఎడమ రెక్కలో గుల్ల

డిగ్నాబాద్‌లోని సారా ఇంటి తలుపు ఎవరో దబదబా బాదుతుంటే గవరయ్య వెళ్లి తీశాడు. వానకు తడిసి ముద్దయిన కాలేజీ పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో బియ్యం సంచి, అందులోంచి పొడుచుకొచ్చిన విరిగిన రెక్క.

"దీదీ ఉన్నారా? రేపు నన్ను టీమ్‌లోంచి తీసేస్తారు," అంది వణుకుతూ.

సారా పోర్ట్ బ్లెయిర్‌లో ప్రైవేట్ డిటెక్టివ్. పోలీసుల చుట్టూ తిరిగి విసిగిపోయినవాళ్లే ఆమె దగ్గరికి వస్తారు. గవరయ్య హార్బర్ ఆఫీసులో గుమాస్తాగా రిటైరై ఆమెకు సహాయకుడయ్యాడు. సారా తుమ్మినా అందులో ఏదో తెలివి ఉంటుందని నమ్మే మనిషి.

ఆ పిల్ల పేరు సీతాలు. బాంబూఫ్లాట్‌లో చేపలు పట్టే నూకన్న కూతురు, ఇంజనీరింగ్ విద్యార్థిని. స్నేహితురాలు పుష్పవతితో కలిసి థర్మోకోల్‌తో రేడియో విమానం తయారుచేసింది. పుష్పవతి దాన్ని చేత్తో గాల్లోకి విసురుతుంది, సీతాలు రిమోట్‌తో నడుపుతుంది. చెన్నై పోటీకి ఎంపికయ్యారు. శనివారం మధ్యాహ్నం బాంబూఫ్లాట్ మైదానంలో పెద్దల ముందు ఎగరేస్తే, మలుపులో ఎడమ రెక్క మడుచుకుపోయింది. విమానం షామియానా మీద కూలి, టీ పోస్తున్న ముసలాయన భుజం విరిగింది.

"నా కిరసనాయిలు గుడ్డ వల్లే రెక్క కరిగిందంటున్నారు. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా మోటారు స్క్రూలు తుడుస్తాను. మా నాన్న బోటు ఇంజన్‌కీ అదే చేస్తాడు. రెక్కకి ఎప్పుడూ తగలనివ్వను, కసమ్ సే, ఒట్టు!"

సారా రెక్కను వాసన చూసింది. కిరసనాయిలు వాసన లేదు. పైన ప్యాకింగ్ టేపు వరసలు, వాటి కింద పైపొర చెక్కుచెదరలేదు. లోపల మాత్రం నున్నగా గుల్ల. గుల్ల అంచున పసుప్పచ్చటి జిగురు, వేలితో లాగితే రబ్బరులా సాగింది.

"ఈ టేపు ఎవరు వేశారు?"

"రెండు రెక్కలకీ నేనే దీదీ. టేపు పని ఇంకెవరికీ ఇవ్వను."

"మరి కుడి రెక్క ఎక్కడుంది?"

"కాలేజీలో."

కాలేజీలో లెక్చరర్ ఆనందబాబు వాళ్లను కూర్చోమని కూడా అనలేదు. "విచారణ అయిపోయిందండీ. తప్పు ఆ అమ్మాయిదే. చెన్నైకి పుష్పవతి నడుపుతుంది."

"రెక్క కోసి లోపల చూశారా?"

"చూడ్డానికేముంది? కిరసనాయిలు తగిలితే థర్మోకోల్ పాడవుతుంది. ఎవరైనా చెప్తారు."

తెలిసిన జవాబు చేతిలో ఉంటే ప్రశ్న ఎందుకని పెద్దమనుషుల ధీమా. సారా కుడి రెక్కను అటూ ఇటూ తిప్పి చూసి, గవరయ్య చేతిలో పెట్టింది. "టేపు అంచులు ఎటు ఉన్నాయో చూడండి."

"వెనక్కి, మేడమ్."

"ఎడమ రెక్కకు విరిగినచోట ముందుకి ఉన్నాయి."

గవరయ్యకు ఏమీ అర్థం కాలేదు. అయినా తల ఊపాడు.

పుష్పవతి వర్క్‌షాప్‌లోనే ఉంది. సారా వెళ్లే చర్చిలో పాటలు పాడే పిల్ల. "శనివారం మైదానానికి విమానం ఎవరు తెచ్చారమ్మా?" అని సారా అడిగింది.

"బాడీ, కుడి రెక్క సీతాలు ముందే తీసుకెళ్లింది ఆంటీ. ఎడమ రెక్క నేను ఫెర్రీలో తెచ్చాను."

"ఫెర్రీలో జనమా?"

"చాలా... బైకులు కూడా." ఆమె కళ్లు దించుకుంది.

బాంబూఫ్లాట్ జెట్టీ దగ్గర నూకన్న వల సర్దుకుంటున్నాడు. సారాను చూడగానే లేచి చేతులు జోడించాడు. "నానే సేసినానమ్మా. పిల్ల మెయిన్‌లాండ్ ఎల్లిపోతాదని బయమేసి, ఆ రెక్కలో నానే పెట్రోలు పోసినాను. దాన్నేటీ అనొద్దు."

గవరయ్య నిట్టూర్చాడు, కేసు తేలిపోయిందని. సారా మాత్రం పక్కనున్న అప్పయ్య సైకిల్ షాపులోకి వెళ్లి కాసేపు మాట్లాడి వచ్చింది.

మర్నాడు సీతాలును తీసేసే సంగతి తేల్చడానికి అందరూ వర్క్‌షాప్‌లో చేరారు. నూకన్న అక్కడా నేరం తన మీదే వేసుకున్నాడు. సారా ఒక థర్మోకోల్ ముక్కను నూకన్న ముందు పెట్టి టేపు ఇచ్చింది. "ఇటు ముందు వైపు. దీన్ని కప్పు నూకన్నా."

నూకన్న అలవాటుగా వెనక నుంచి మొదలుపెట్టి, ఒక్కో వరసను పాత వరస మీదకి ఎక్కిస్తూ ముందుకు వచ్చాడు.

"ఎందుకలాగ?"

"బోటుకి పట్టీ ఇలాగే ఏత్తారమ్మా. అంచు ఎనక్కుంటే నీరు లేపలేదు."

"కూతురికీ అదే నేర్పావు. కుడి రెక్క మీద ఉన్నది ఆమె చేతిపనే. ఎడమ రెక్కలో విరిగినచోట టేపు ముందు నుంచి వెనక్కి వేసి ఉంది. నువ్వూ, నీ కూతురూ అలా వెయ్యరు. కిరసనాయిలు పైన తగిలితే పైపొర చెడాలి. ఇక్కడ పైపొర బాగుంది, లోపల కరిగింది. ఎవరో ముందే విరిగిన రెక్కను అతికించి, మీద టేపు చుట్టారు. ఆ జిగురు పంక్చర్ సొల్యూషన్. అది థర్మోకోల్‌ను మెల్లగా తినేస్తుంది. పొద్దున అతికినట్టే ఉంటుంది, మధ్యాహ్నానికి గుల్ల." సారా పుష్పవతి వైపు తిరిగింది. "శనివారం పొద్దున కాలేజీ షర్టు వేసుకున్న అమ్మాయి ఆ జిగురు ట్యూబు, టేపు కొనుక్కెళ్లిందని అప్పయ్య చెప్పాడు. ఆ పొద్దున ఎడమ రెక్క ఎవరి చేతిలో ఉంది పుష్పా?"

పుష్పవతి ముఖం చేతుల్లో దాచుకుంది. "ఫెర్రీ దిగేటప్పుడు బైకు తగిలి విరిగింది ఆంటీ. చెప్తే టీమ్‌లోంచి తీసేస్తారనుకున్నా. తర్వాత సీతాలుని తీసేసి నన్ను నడపమంటే... నోరు రాలేదు."

"ఒక్క మాట చెప్పుంటే ఆరోజు ఎగరేసేదాన్నే కాదు కదే," అంది సీతాలు.

ఆనందబాబు గొంతు సవరించుకుని, సీతాలే చెన్నైలో నడుపుతుందని ప్రకటించాడు. క్షమించమన్న మాట మాత్రం ఆయన నోట రాలేదు. గవరయ్య పొంగిపోయి సారా వైపు చూశాడు. ఆమె ముఖంలో గెలిచిన సంతోషం లేదు, నూకన్నను చూస్తోంది.

నూకన్న నవ్వుతూ కూతురి తల నిమరబోయాడు. సీతాలు వెనక్కి జరిగింది.

"నువ్వు చెయ్యనిది చేశానని ఎందుకు చెప్పావు నాన్నా?"

"నిన్ను కాపాడుకుందారని తల్లీ."

"అంటే నేనే చేశానని నువ్వూ నమ్మేశావు."

నూకన్న చాచిన చెయ్యి దించుకుని, కాదనలేక నేలకేసి చూశాడు. సీతాలు ఒక్కతే గుమ్మం దాటి వెళ్లిపోయింది.