లీకు లేని పడవ

లెక్కల టీచరు అతన్ని మొదటిసారి చూసినప్పుడు, అతను పడవ లోపలి గోడను నాకుతున్నాడు.

ఆమె క్యాబిన్ మెట్ల మీదే ఆగిపోయింది. చేతిలో వాన కారుతున్న గొడుగు. లోపల మోకాళ్ల మీద కూర్చున్న మనిషి కిటికీ కింద జారుతున్న చుక్కను వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. అది చాలక, నేరుగా గోడకే నాలుక ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది.

అతను ఉలిక్కిపడి లేచాడు. పైకప్పు ఠంగున తలకు తగిలింది. తెరచాప పడవల్లో క్యాబిన్లు ఎంత పొట్టిగా ఉంటాయో అతనికి తెలియనిది కాదు. పదేళ్లుగా వాటిని బాగుచేస్తున్న మేస్త్రీ అతను; లీకు వెతకమని ఆమే ఫోన్లో పిలిపించింది.

"ఉప్పు లేదండి. అదే మంచి వార్త," అన్నాడు తల రుద్దుకుంటూ.

ఉప్పగా ఉంటే సముద్రం లోపలికి వస్తున్నట్టు, చప్పగా ఉంటే ఎక్కడో వాన దిగుతున్నట్టు. ఈ సంగతి నాలుక చెప్పినంత తొందరగా ఏ మిషనూ చెప్పదని వివరించాడు. ఆమె ఓపిగ్గా విని, మిగతా పరీక్షలు మాత్రం చేతులతో చేసుకోమంది.

ఆ పడవ ఆమె నాన్నది. భార్య పోయాక ఆయనకు ఇంట్లోకన్నా ఈ క్యాబిన్‌లోనే మంచి నిద్ర పట్టేది. రెండు నెలల కిందట ఊపిరితిత్తుల జబ్బుతో ఆస్పత్రిలో చేరాడు. ఇప్పుడు కోలుకుంటున్నాడు గానీ, బూజు పట్టిన గదిలో పది నిమిషాలు కూడా ఉండకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఈ రెండు నెలలూ మూసి ఉన్న క్యాబిన్‌లో బూజు తీరిగ్గా కాపురం పెట్టింది. పరుపు కింద నల్లగా, అరల్లో పచ్చగా, ఆయన టోపీ మీద తెల్లగా.

అక్క మొగుడు, అంటే ఆమె బావ, పడవ కొనే మనిషిని చూసి పెట్టాడు. చెడ్డవాడు కాడు; మామగారి దగ్గు వింటే నిద్ర పట్టనివాడు, అంతే. వాదనలన్నీ అయ్యాక ఒక ఒప్పందం కుదిరింది. నెలాఖరున నాన్నను పడవ దగ్గరికి తీసుకొస్తారు. క్యాబిన్‌లో గంటసేపు దగ్గు రాకుండా ఉండగలిగితే పడవ ఉంటుంది. లేకపోతే బావ రేవు మీద నుంచే ఫోన్ చేసేస్తాడు.

నెల చాలా అని ఆమె మేస్త్రీని అడిగింది. లీకు దొరికితే వారం చాలన్నాడు.

అతను పొద్దున్నే వచ్చి మధ్యాహ్నం దాకా పని చేసేవాడు. ఆమె బడి అయ్యాక వచ్చేది. మెట్ల పక్కన తేమ కొలిచే చిన్న మీటరు తగిలించాడు. అరవై ఐదు దాటితే బూజు మళ్లీ లేస్తుందని చెప్పాడు. పక్కన ఒక కాగితం అంటించాడు. పొద్దున రాగానే అంకె అతను రాయాలి, సాయంత్రం రాగానే ఆమె రాయాలి.

మొదటి వారమంతా లీకు వేటే. కిటికీల చుట్టూ రబ్బరు మార్చాడు. తెరచాప స్తంభం పైకప్పులోకి దిగే చోట సందులు పూడ్చాడు. నేల పలకలు లేపి, అడుగున నిలిచిన నీటిని గుడ్డతో పీల్చి పిండి పోశాడు. సాయంత్రానికి మీటరు అరవై చూపించేది. మర్నాడు పొద్దున ఎనభై నాలుగు. కిటికీల నిండా నీటి ముత్యాలు.

"మేస్త్రీ గారూ, మీ లీకు రాత్రి డ్యూటీ చేస్తున్నట్టుంది," అని ఆమె కాగితం మీద రాసింది.

"పగలు నా మొహం చూసి జడుసుకుంటోందండి," అని మర్నాడు జవాబు.

కలిసి పని చేసేది ఆదివారాలే. అరలన్నీ ఖాళీ చేసి, వెనిగర్ కలిపిన నీళ్లతో తుడిచేవాళ్లు. బయట వాన ఒక్క క్షణం ఆగి, ఏదో మర్చిపోయినట్టు మళ్లీ వెనక్కి వచ్చేది. అరలోకి చూస్తున్నట్టు నటిస్తూ అతను ఆమె వైపు చూసేవాడు. "బూజు ఇక్కడ లేదండీ," అనేది ఆమె, తల తిప్పకుండానే.

మిగతా రోజుల్లో ఆమె తనకు చేతనైన సాయం చేసేది. సాయంత్రం రాగానే వాన పడకుండా క్యాబిన్ కప్పుకున్న పై మూత బిగించేది. గాలి రంధ్రాల్లో గుడ్డలు కుక్కేది. చిన్న గ్యాస్ స్టవ్ వెలిగించి, ఆ వెచ్చదనంలో రెండు గంటలు పిల్లల పేపర్లు దిద్దుకునేది. తడిసిన గదికి వెచ్చదనం కావాలి కదా. వెళ్లేటప్పుడు గుడ్డలు తీసి దులిపి పట్టుకెళ్లేది, అవి కూడా తడిగా ఉండకూడదని.

మూడో వారం పరీక్షల డ్యూటీ పడి ఆమె ఐదు రోజులు రాలేకపోయింది. మళ్లీ వచ్చిన రెండో రోజు సాయంత్రం, స్టవ్ ముందు కూర్చుని పేపర్లు దిద్దుతూ, కాగితం మీద అంకెలు చూసింది. తను రాని ఐదు సాయంత్రాల మర్నాటి పొద్దున అంకెలు అరవై రెండు, అరవై ఒకటి, అరవై మూడు, అరవై, అరవై రెండు. తను వచ్చిన మర్నాడు ఎనభై మూడు.

దీనికి లెక్కల టీచరే అక్కర్లేదు. అయినా ఆమె చల్లటి స్టీలు పళ్లెం తీసి మంటకు కాస్త ఎత్తులో పట్టుకుంది. పళ్లెం మసకబారింది. చూస్తుండగానే చెమట పట్టి, ఒక చుక్క జారింది.

మంటలోంచి నీరు. ఇన్ని రోజులుగా రోజూ రెండు గంటలు, గాలి పోయే దారులన్నీ మూసి, నాన్న పడవలోకి తనే నీళ్లు ఎక్కించింది.

మర్నాడు బడికి సెలవు పెట్టి, తెల్లవారగానే రేవుకు వచ్చింది. మేస్త్రీ రావడానికి ఇంకా గంట ఉంది. కానీ అతను అప్పటికే లోపల ఉన్నాడు. కిటికీలు తుడుస్తున్నాడు. కాళ్ల దగ్గర బకెట్టు సగానికి నిండి ఉంది. ఆమెను చూడగానే చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"మీకు తెలుసు," అంది.

అతను అబద్ధం చెప్పలేదు. "పది రోజులైంది. సుత్తి మర్చిపోయి ఒక సాయంత్రం వెనక్కి వచ్చాను. కిటికీలోంచి కనిపించారు."

"మరి చెప్పలేదే?"

"స్టవ్ ముందు చేతులు చాపుకుని కూర్చున్నారు. నాన్నగారు జబ్బు పడ్డాక మీరు అంత నిమ్మళంగా కూర్చున్నది అక్కడేనేమో అనిపించింది. చెబితే బాధపడతారని... ఇక సాయంత్రాలు రారేమోనని. గంట ముందొచ్చి తుడిచేస్తే సరిపోతుందనుకున్నాను."

"సరిపోయిందా?"

అతను పరుపు మూల ఎత్తి చూపించాడు. పోయిన ఆదివారం ఇద్దరూ తుడిచిన చోటే కొత్త నల్ల చుక్కలు.

ఆమె వంగి ఆ చుక్కల మీద వేలు రాసి చూసుకుంది. "ఎనభై మూడని నిజమే రాశారు. ఎందుకో మాత్రం రాయలేదు. మీరు నా మీద జాలిపడ్డారు మేస్త్రీ గారూ. దానివల్ల మా నాన్నకు పది రోజులు పోయాయి. ఇంక తొమ్మిదే ఉన్నాయి."

అతను రేపు రావాలా వద్దా అని నెమ్మదిగా అడిగాడు. రావాలంది. ఇకనుంచి తప్పు ఎవరిదైనా ఆ కాగితం మీద ఎక్కాలంది.

ఆ తొమ్మిది రోజులూ పడవలో మూసి ఉన్న వస్తువు లేదు. పై మూత తెరిచి, దాని మీద టార్పాలిన్ వాలుగా కట్టాడు. వాన లోపలికి రాదు, గాలి ఆగదు. ఎండతో నడిచే చిన్న ఫ్యాన్ కప్పుకు బిగించాడు. అరల తలుపులకు రంధ్రాలు పెట్టాల్సి వచ్చినప్పుడు, అవి నాన్న స్వయంగా చేసుకున్న తలుపులు కాబట్టి, ఆమే డ్రిల్లు పట్టుకుంది. చెడిపోయిన పరుపు పోయి కొత్తది వచ్చింది. దాని కింద గాలి ఆడేలా చెక్క పట్టీలు వేశారు.

కాగితం నిండుతూ వచ్చింది. "పరుపు గోడకు ఆనించాను, వెనక చెమ్మ. తప్పు నాది." అది అతని రాత. "తడి గొడుగు లోపల వేలాడదీశాను. తప్పు నాది." ఇది ఆమెది. ఎవరైనా చూస్తే పోలీసు స్టేషన్ కాగితం అనుకునేవాళ్లు.

ఆమె సాయంత్రాలు రావడం మానలేదు. స్వెట్టర్ వేసుకుని, ఇంటి నుంచి ఫ్లాస్కులో టీ తెచ్చుకుని, తెరిచిన మూత కింద వణుకుతూ పేపర్లు దిద్దింది. మూడో రోజు నుంచి ఫ్లాస్కుతో పాటు రెండు కప్పులు తెచ్చింది. ఎవరి కోసమని అతను అడగలేదు. సాయంత్రం దాకా అతనికి ఏదో ఒక పని తగులుతూనే ఉంది.

నెలాఖరు మధ్యాహ్నం నాన్న బావ చెయ్యి పట్టుకుని రేవు మీదకు వచ్చాడు. సన్నటి జల్లు పడుతోంది. పడవ ఎక్కి, ఒక్కో మెట్టుకు ఆగుతూ కిందికి దిగాడు. అరలను తడిమాడు, పరుపు మీద కూర్చున్నాడు. కాసేపటికి, మీరంతా ఇలా నా మొహంలోకి చూస్తుంటే దగ్గు రాని వాడికి కూడా వస్తుందని, అందరినీ బయటికి పొమ్మన్నాడు.

బావ ఫోన్ పట్టుకుని రేవు మీద అటూ ఇటూ నడిచాడు. వాళ్లిద్దరూ పడవ మీదే, మూత పక్కన, టార్పాలిన్ అంచు కింద నిలబడ్డారు. పది నిమిషాలు. ఇరవై. కింద చప్పుడు లేదు. జల్లు టార్పాలిన్ మీద చిటపటలాడుతోంది. ఆమె మూత వైపు వంగి వింటోంది. గంట కావస్తుండగా ఆమె వేళ్లు అతని చొక్కా చేతిని పట్టుకుని ఉన్నాయి. ఎప్పుడు పట్టుకుందో ఆమెకే తెలియదు.

"ఇంకో సంగతి దాచాను," అన్నాడతను గొంతు తగ్గించి.

ఆమె చటుక్కున అతని వైపు తిరిగింది. "ఇంకా ఎక్కడ తడి ఉంది?"

"పడవలో కాదు. ఈ పని రేపటితో అయిపోతుంది. అయిపోవడం నాకిష్టం లేదు. మీకు చెప్పకుండా ఊరుకుంటే మళ్లీ అదే తప్పవుతుందని చెబుతున్నాను. మీరంటే నాకు చాలా ఇష్టం."

బావ రేవు చివరి దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. గంట దాటింది.

అప్పుడు కింద నుంచి, తీరిగ్గా, నాన్న గొంతు వినిపించింది.

"అమ్మాయ్, ఆ ఫోన్ జేబులో పెట్టుకోమని మీ బావకు చెప్పు. నాకు దగ్గు లేదు. గాలి బ్రహ్మాండంగా వస్తోంది. గాలితో పాటు మాటలూ వస్తున్నాయి."

అతను మెడ దాకా ఎర్రబడి వెనక్కి అడుగు వెయ్యబోయాడు. ఆమె అతని చొక్కా చేతిని వదల్లేదు.

"అబ్బాయి చెప్పాల్సింది చెప్పాడు. నువ్వింకా జవాబివ్వలేదు. నువ్విచ్చేదాకా నేను నిద్రపోతున్నట్టే లెక్క."

ఆమె మూత వెయ్యలేదు. నాన్నకు వినిపించేలాగే చెప్పింది.

"రేపటితో పనైపోతే, ఎల్లుండి ఊరికే రా."