పైనుంచి కనపడని ఇల్లు

కొత్తపేట బస్టాండు వెనక మేడమీది గదిలో కూర్చుని ప్రభాకరరావు రోజంతా గోదావరిని పైనుంచి చూసేవాడు. ఉపగ్రహం తీసిన ఫొటోలు కంప్యూటర్లో పరిచి, ఏటి నడుమ దీవుల్లా ఉండే లంకల్లో ఏ గట్టు ఈ ఏడు విరిగి నీళ్ళలో పడుతుందో గుర్తించి ఎర్రరంగు వేయడం ఆయన పని. ఎరుపులో పడ్డ ఇళ్ళవాళ్ళకి వేరేచోట స్థలం ఇస్తారు. కొబ్బరాకుల కింది ఇల్లు పైకి కనపడదు కాబట్టి, రంగు వేసేముందు లంకకి వెళ్ళి కళ్ళారా చూసి రావాలని నియమం. పడవెక్కితే తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది. అమలాపురంలో తల్లిలేని కూతురు దివ్య, ఎనిమిదేళ్ళది, బడినుంచి వచ్చి గుమ్మంలో ఒంటరిగా కూర్చుంటుంది. ఆ పిల్లే ఆయన ప్రాణం. అందుకని కూర్మయ్యలంక చివర “కొబ్బరితోట, ఇళ్ళు లేవు” అని కూర్చున్నచోటే రాసేసి, నాలుగు గంటల బస్సు ఎక్కేశాడు.

2005 భాద్రపదంలో ఆ లంకనుంచి బంగారమ్మ వచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి, మెట్లెక్కి ఆయాసపడుతోంది.

“మా ఇల్లు రాసుకోలేదంటండీ. గట్టుకి పది గజాలేనండి.”

ప్రభాకరరావు ఫొటో చూపించాడు. అన్నీ చెట్ల తలలే. తప్పు తనదని తెలుసు, ఒప్పుకోవడానికి నోరు రాలేదు. అలాంటప్పుడు గోదారివాడి నోటికి ముందుగా వచ్చేది వెటకారమే.

“ఏం చెయ్యమంటారు మామ్మగారూ, ఉపగ్రహానికి మీరు కనపడలేదు. చెట్లు లేనిచోట, గట్టంచున, సున్నంతో పెద్ద గుండ్రం గీసి మధ్యలో నుంచోండి. పైకి చూడండి. ఫొటోలో పడతారు.”

“ఎప్పుడొత్తాదండీ అది?”

“చెప్పి రాదండి. రోజూ నుంచోవాలి.”

పక్కబల్లల వాళ్ళు నవ్వు ఆపుకున్నారు. బంగారమ్మ నవ్వలేదు. “ఆయ్” అని దండం పెట్టి మెట్లు దిగిపోయింది.

కార్తీకంలో, వరద తీశాక, పడవ నడిపే గంగబాబు కబురు తెచ్చాడు.

“రోజూ పొద్దున్నే సున్నం పోసుకుని నుంచునేదండి. అంచుకెళ్ళొద్దు మామ్మా అంటే, ఆయనగారు చెప్పేరు అనేది. మొన్న గుండ్రంతో సహా గట్టు జారిపోయిందండి. మనిషి దొరకలేదు.”

ఆ పూట కూడా ప్రభాకరరావు లంకకి వెళ్ళలేదు. బస్సు తప్పిపోతుందట!

మార్గశిరంలో కొత్త ఫొటోల సీడీ వచ్చింది. శనివారం, ఒంటిపూట బడి. ఆఫీసులో అందరూ వెళ్ళిపోయారు. ఒక్కసారి చూసి తనూ బయల్దేరదామని ప్రభాకరరావు కూర్చున్నాడు.

మొదటి ఫొటోలో లంక కొస తెగిపోయి ఉంది. నడి ఏట్లో, నీళ్ళ మీద... తెల్లటి గుండ్రం. నురగ అనుకున్నాడు.

రెండోది వారం తరవాతది. గుండ్రం ఏట్లో లేదు. అమలాపురం దారిలో, అంబాజీపేట దగ్గర చేల మధ్యకి వచ్చింది. గదిలో తడి సున్నం వాసన వేసింది. ఎక్కడో మట్టిపెళ్ళ నీళ్ళలో పడ్డ చప్పుడైంది.

మూడోదాని మీద తేదీ చూశాడు. ఈ రోజుదే.

అమలాపురం. తన వీధి. రైసుమిల్లు రేకులు తెలుస్తున్నాయి. దాని పక్కన తన డాబా లేదు. కొబ్బరి తలలున్నాయి. తమ ఇంట్లో ఒక్క కొబ్బరిచెట్టు కూడా లేదు. ఆ తలల ముందు... తెల్లటి గుండ్రం.

ఇంటికి ఫోను చేశాడు. దివ్య ఎత్తింది. గుసగుసగా మాట్లాడింది.

“నాన్నా... ఎవరో మామ్మగారొచ్చేరు. చీరంతా తడి. గుమ్మంలో సున్నం పోస్తన్నారు.”

“లోపలికి పో! తలుపేసుకో!”

“లోపలా పోసేరు నాన్నా. నా చుట్టూ...”

ఫోనులో మట్టిపెళ్ళ విరిగి నీళ్ళలో పడ్డ చప్పుడు. ఆ ఇంటికి గోదావరి మైళ్ళ దూరం.

“పైకి చూడమంటున్నారు. నాన్నా, నేను కనపడుతున్నానా?”

లైను తెగిపోయింది.

తెరమీద గుండ్రం మధ్యలో చిన్న చుక్క. ఇందాక లేదు. అది దివ్యో, బంగారమ్మో, అంత ఎత్తునుంచి తెలియదు. వెళ్ళి కళ్ళారా చూస్తేనే తెలుస్తుంది. కింద నాలుగు గంటల బస్సు హారన్ కొట్టి కదిలిపోయింది.

ప్రభాకరరావు కీబోర్డు మీద చెయ్యి వెయ్యలేదు. అయినా ఫొటో కింద ఒక్కొక్క అక్షరమే పడుతోంది... కొబ్బరితోట, ఇళ్ళు లేవు.