అవసరాల పెట్టె

"ఈ డబ్బా లోపలికి రాదండి."

"రాకపోవడానికి దానికి కాళ్లు లేవు. నేనే తీసుకొస్తున్నాను."

రిషీకేశ్‌లో గంగ ఒడ్డునున్న ఆ ఆశ్రమంలో, పదిరోజుల మౌనసాధనకు పేర్లు నమోదుచేసే బల్లకు అటూ ఇటూ నిలబడి వాళ్లిద్దరూ మొదటిసారి మాట్లాడుకున్న మాటలివి. బల్లకు ఇవతల ఉన్నది ఊర్మి రతూడీ. ఉత్తరకాశీలో స్కూల్ టీచరు. అవతల ఉన్నవాడు కుందన్ పన్వార్. రెండేళ్లుగా ఆశ్రమంలో సేవచేస్తూ, ఈ శ్రావణం దాటితే యోగాచార్యుడి ఆసనం తనకు దక్కుతుందని ఎదురుచూస్తున్నవాడు.

"అమ్మ చేసిన అర్సాలు," అంది ఊర్మి. "బియ్యప్పిండీ బెల్లంతో చేసినవి. వీటివల్ల నా ధ్యానానికి ఏం భంగం?"

"మీ ధ్యానం సంగతి నాకు తెలీదు. వాసనకే నాది చెదిరిపోతోంది." అతడు డబ్బా మూత గట్టిగా బిగించాడు. "వెళ్లేటప్పుడు ఇచ్చేస్తాం. ఎలుకలు ఊరుకుంటే."

ఊర్మి నవ్వకూడదని నిశ్చయించుకుంది. నిశ్చయం పెదవుల దాకా నిలిచింది గాని కళ్లదాకా నిలవలేదు.

"ఇంకో మాట," అన్నాడు కుందన్. "ఇవాళ సాయంత్రం గంట కొట్టాక మాటల్లేవు, సైగల్లేవు. ఏదైనా అవసరమైతే చీటీ రాసి ఈ పెట్టెలో వెయ్యండి. రోజుకొకటి. అయిదు మాటలు దాటకూడదు. పేరు రాయక్కర్లేదు, పెట్టె దగ్గర నేనే ఉంటాను."

"మీరు జవాబు రాస్తారా?"

"నేను రాయకూడదు. చీటీ నేనొక్కణ్ణే చదివి పని చేసిపెడతానంతే. సాయంత్రం చీటీలన్నీ వంటింటి పొయ్యిలో వేసేస్తాం."

"పాపం, చీటీలకే మోక్షం ముందు," అని ఊర్మి తన గదికి వెళ్లిపోయింది.

మొదటిరోజు ఆమె బుద్ధిగానే రాసింది: 'కిటికీ గొళ్లెం పడటం లేదు.' మధ్యాహ్నానికి గొళ్లెం బిగిసింది. రెండోరోజు రాసింది: 'అల్లం టీలో అల్లం కనిపించలేదు.' మర్నాడు ఉదయం ఆమె గ్లాసులో బొటనవేలంత అల్లం ముక్క, కొండకోనలో తపస్సు చేసుకుంటున్న మునిలా కదలకుండా కూర్చుని ఉంది. ఆ సాయంత్రం ఊర్మి చీటీ: 'అల్లం దొరికింది. టీ పోయింది.'

అయిదోరోజు కొండలమీదినుంచి వాన దిగివచ్చి, గదికీ ధ్యానమందిరానికీ మధ్యనున్న దారినంతా తనదిగా చేసుకుంది. 'వర్షం కాస్త తగ్గించగలరా?' అని ఊర్మి చీటీ వేసింది. తెల్లవారేసరికి గుమ్మం దగ్గర ఒక నల్లటి గొడుగు ఆనించి ఉంది. దాని ఊచ ఒకటి విరిగి, తీగతో కట్టి ఉంది. ఆ తీగ ముడి ఎంత శ్రద్ధగా వేసి ఉందో చూస్తూ ఆమె ధ్యానానికి ఆలస్యమైంది.

ఏడోరోజు కోతి ఆమె చున్నీ ఎత్తుకుపోయింది. చీటీ వేసిన కాసేపటికి, వానలో తడుస్తూ కుందన్ రేకుల కప్పుమీద గొంతుక్కూర్చుని, చేతిలో అరటిపండుతో ఆ కోతితో బేరమాడటం కిటికీలోంచి కనిపించింది.

"చూడమ్మా, ఆ రంగు నీకు నప్పదు," అంటున్నాడు. "పండు తీసుకుని అది ఇటిచ్చెయ్."

కోతి పండు తీసుకుంది. చున్నీ అతడి ముఖం మీద విసిరింది. ముఖం మీది చున్నీ తొలగించుకున్నప్పుడు అతడి చూపు తిన్నగా కిటికీని తాకింది. సాధకులు ఎవరి కళ్లలోకీ చూడరాదన్నది అక్కడి నియమం. ఊర్మి దాన్ని రెండు నిండు శ్వాసలపాటు మరిచిపోయింది.

ఎనిమిదోరోజు ఉదయం, నూరుమంది సాధకులు కూర్చుని ఉన్న ధ్యానమందిరంలోకి మేనేజరు థప్లియాల్ చేతిలో కొన్ని చీటీలతో వచ్చి, ఆశ్రమానికి పెద్దయిన మాతాజీ ఎదుట నిలబడ్డాడు.

"మాతాజీ, స్టోరు తాళంచెవి కోసం కుందన్ కోటు జేబు చూస్తే ఇవి దొరికాయి. కాల్చెయ్యాల్సినవి దాచుకున్నాడు. ఎవరో అమ్మాయితో ఉత్తరాలు నడుపుతున్నాడు." ఆపై చీటీలను ఒక్కొక్కటిగా పైకి చదివాడు. 'వర్షం కాస్త తగ్గించగలరా' దగ్గర గొంతు కాస్త సాగదీశాడు.

మాతాజీ కుందన్ వంక చూసింది. "నువ్వేమంటావు నాయనా?"

"కాల్చకపోవడం తప్పే మాతాజీ. నేను జవాబు మాత్రం రాయలేదు."

"రాయలేదనడానికి సాక్ష్యం ఎవరు?" అన్నాడు థప్లియాల్. "ఆ అమ్మాయి పేరు చెప్పు. పిలిచి అడుగుదాం."

కుందన్ తల వంచుకున్నాడు.

"పేరు చెప్పకపోతే సాయంత్రం బస్సుకి సామాను సర్దుకో. నీలాంటివాడికి ఇక్కడ ఆచార్యుడి ఆసనం లేదు."

ఊర్మి లెక్క వేసుకుంది. మాట పెగిలితే ఎనిమిది రోజుల సాధన మట్టిలో కలిసినట్టే. మళ్లీ మొదటిరోజు నుంచి మొదలుపెట్టాలి. పెగలకపోతే, అంత తప్పు చెయ్యని మనిషి రెండేళ్ల శ్రమను వదిలి గేటు దాటిపోవాలి. ఒకరి అన్యాయానికి గొడుగు పట్టే మౌనం సాధన కాదు, పిరికితనం. ఆమె లేచి నిలబడింది.

"రాసింది నేను. పేరు ఊర్మి. పదకొండో గది."

ఎనిమిది రోజులుగా వాడని గొంతు బొంగురుగా వచ్చింది. తొంభైతొమ్మిది తలలు ఇటు తిరిగాయి.

"ఆయన ఒక్క అక్షరం రాయలేదు. గొళ్లెం బిగించారు, గొడుగు పెట్టారు. అవసరం తీర్చడం నేరమైతే ఆ పెట్టె ఎందుకు పెట్టారో మేనేజరుగారు చెప్పాలి. సరదాగా రాసిన తప్పు నాది, దాచుకున్న తప్పు ఆయనది. మరి సాధకుల చీటీ సేవకుడు తప్ప ఇంకెవరూ చదవకూడదు కదా? పరాయి జేబులో చెయ్యి పెట్టి, తీసి, నూరుమంది ముందు చదివారు. ఆ నియమం ఈయనకి లేదా?"

థప్లియాల్ చీటీలను వీపు వెనక్కి దాచుకున్నాడు.

మాతాజీ ముగ్గురినీ ఒకసారి చూసింది. "ముగ్గురూ నియమం తప్పారు. కనుక ముగ్గురికీ ఒకే న్యాయం. ఊర్మి ఇవాళ సాయంత్రం మొదలయ్యే కొత్త బృందంతో మళ్లీ మొదటిరోజు నుంచి కూర్చుంటుంది. కుందన్ సేవ మాని సాధకుడిగా కూర్చుంటాడు. ఆ తరవాత అతడి ఆసనం అతడిదే. థప్లియాల్ జీ, ఈ పదిరోజులూ అవసరాల పెట్టె మీది. ముందు అతడికి క్షమాపణ చెప్పండి, నూరుమంది ముందే." ఆపైన ఊర్మి వంక తిరిగి, కాస్త మెత్తగా అంది. "సాయంత్రం గంట దాకా మాట్లాడుకోవచ్చు."

వాన వెలిసిన ఘాట్ మెట్లమీద, గంట మోగడానికి కాస్త ముందుగా, అతడు ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు.

"మీ ఎనిమిది రోజులు నావల్ల పోయాయి."

"మౌనం పట్టింది నేను. మీకేమైంది? నోట్లో బెల్లంముక్క అడ్డుపడిందా?"

"పేరు చెబితే మిమ్మల్ని అందరూ..."

"నా పేరుకి మీరు కాపలా కాయక్కర్లేదు. మీకు జరిగే అన్యాయాన్ని మింగి, దాన్ని నాకు మర్యాదలా చూపించకండి. నాకు నచ్చదు." ఆమె ఒక మెట్టు దిగి కూర్చుంది. "ఎందుకు దాచుకున్నారు?"

"పొయ్యి దాకా తీసుకెళ్లాను, ప్రతిసారీ. చెయ్యి రాలేదు." అతడు చెప్పులోని తడి ఇసుకను దులుపుకుంటున్నట్టు తలవంచుకున్నాడు. "రెండేళ్లుగా ఇక్కడ అందరూ నన్ను దుప్పటి అడుగుతారు, వేణ్ణీళ్లు అడుగుతారు. వర్షం తగ్గించమని ఎవరూ అడగలేదు ఊర్మి జీ. నేను తగ్గించగలనేమో అనిపించింది."

ఊర్మి దగ్గర అప్పటిదాకా సిద్ధంగా ఉన్న మందలింపులన్నీ ఒక్కసారిగా ఎటో వెళ్లిపోయాయి.

"మీకు అభ్యంతరం లేకపోతే," అన్నాడు కుందన్, "ఉత్తరకాశీ వచ్చి మీ ఇంట్లోవాళ్లతో మాట్లాడనా?"

ఆమె పెదవి కదిపింది. సరిగ్గా అప్పుడే గంట మోగింది.

ఆ పదిరోజులూ కుందన్ మగవాళ్ల వరుసలో, ఊర్మి ఆడవాళ్ల వరుసలో కూర్చున్నారు. ఆమె ఒక్కసారీ తల తిప్పలేదు. రెండోసారి నియమం తప్పే మనిషి కాదామె. జవాబు లేని ప్రశ్నను ఒళ్లో పెట్టుకుని ధ్యానించడం ఎంత కష్టమో కుందన్‌కు తెలిసివచ్చింది.

పదకొండోరోజు ఉదయం, "ఇక మాట్లాడవచ్చు," అంది మాతాజీ. ఎప్పటిలాగే మొదట ఎవరికీ గొంతు పెగల్లేదు. ఆ నిశ్శబ్దంలో ఊర్మి లేచి, వరుసల మధ్యగా నడిచి వచ్చి కుందన్ ముందు ఆగింది.

"ఆదివారం రండి," అంది. "మా నాన్న రిటైరైన జడ్జి. ప్రశ్నమీద ప్రశ్న వేస్తారు. నేను మీ తరఫున నోరు విప్పను. ఈసారి మీ మాట మీరే చెప్పుకోవాలి."

కుందన్ లేచి నిలబడ్డాడు. చుట్టూ నూరుమంది వింటున్నారని తెలిసీ, తల వంచకుండా, గొంతు తగ్గించకుండా అన్నాడు:

"చెబుతాను. ఊర్మిని ప్రేమిస్తున్నానని మొదలుపెడతాను. తరవాత ఆయన ఎన్ని అడిగినా సరే."

ఊర్మి ఈసారి నవ్వును ఆపుకోలేదు.