లాజరుని పిలిచే చెయ్యి

మంగినపూడి రోడ్డులో ఆ పాత చర్చి ఉంది చూశారూ... పొద్దుగూకితే దాని ముందు ఆటోవాళ్లు హారన్ కూడా కొట్టరు.

లోపల గోడ మీద ఒక బొమ్మ. ఎడమపక్క దివిటీ వెలుగు, కుడిపక్క చీకటి సమాధి. మధ్యలో యేసుప్రభువు చెయ్యెత్తి, చచ్చిపోయిన లాజరుని బయటికి రమ్మంటున్నాడు.

ఆ చేతికి వేళ్లు లేవు.

వేళ్లు వెయ్యకుండానే పోయాడు, ఆ బొమ్మ మొదలుపెట్టిన నూకరాజు. ఆ గోడ వెనకున్న సమాధుల తోటలోనే పూడ్చారు.

"వేళ్లేస్తే పిలుపు పూర్తయిపోద్ది," అనేది చర్చి ఊడ్చే మార్తమ్మ. "గోడవతల ఎంతమంది పడుకున్నారో తెలుసా?"

కానీ తెల్లారితే ఈస్టరు. బొమ్మ పూర్తవకపోతే దాని మీద ఫ్లెక్స్ కట్టించేస్తానని పాస్టరుగారు తేల్చి చెప్పేశారు. నూకరాజు మేనల్లుడు, ఆయన దగ్గరే పని నేర్చుకున్న ప్రకాష్‌కి మనసొప్పలేదు. మావయ్య బొమ్మ మీద ఫ్లెక్సా!

ఆ రాత్రే చర్చిలో బ్రష్ పట్టుకున్నాడో లేదో — కరెంటు పోయింది. కుడిపక్కన కొవ్వొత్తి పెట్టుకుని, ఒక్కో వేలూ వేశాడు. ఆఖరికి వేళ్ల నీడ... అదీ వేసేశాడు.

గోడవతల మట్టి కదిలిన చప్పుడు.

ఎలుకలే... ఎలుకలే అయ్యుంటాయి...

కొవ్వొత్తి టప్పున ఆరిపోయింది. తడిమట్టి వాసన. భుజం మీంచి ఎవరో వంగి బొమ్మని చూస్తున్నట్టు —

"వెలుగెటునుంచొస్తంది రా... నీడెటేశావు, ఎదవా?"

ఠంగుమని నెత్తిన మొట్టికాయ! చల్లగా, ఒట్టి ఎముకలాగా.

చెప్పులు కూడా వదిలేసి పరిగెత్తాడు. బందరు లైట్లు కనపడ్డాక గానీ బుర్ర పనిచెయ్యలేదు. కొవ్వొత్తి కుడిపక్కుందని నీడ ఎడమకి వేసేశాడు. బొమ్మలో వెలుగు ఎడమనుంచి కదా! మావయ్య బతికుండగా ఈ తప్పుకే రోజూ మొట్టేవాడు.

పొద్దున్నే చర్చి నిండా జనం. పాస్టరుగారు ఎదురొచ్చి భుజం తట్టారు. "ఏం వేశావయ్యా! ఆ నీడ చూడు, కుడిపక్కకి ఎంత బాగా ఒదిగిందో!"

ప్రకాష్ తలెత్తాడు.

నిజమే. నీడ కుడిపక్కనే ఉంది. ఎడమపక్క బొటనవేలితో తుడిచేసిన జాడ... అందులో కాస్త తడిమట్టి.

నెత్తి తడుముకున్నాడు. బొప్పి అలాగే ఉంది.

మార్తమ్మ ఆ మట్టి వంక చూసి, పక్కకొచ్చి గుసగుసగా అడిగింది —

"వచ్చినాయన మళ్లీ లోపలికెళ్లాడంటావా, అబ్బాయ్?"